ఆరు నెలలు నిండాయి, సోమవారం నుంచి ఆఫీసు. పాలు, ఉగ్గు, క్రెష్ ఎలా సర్దుకోవాలి?

హొరమావు_కొత్తమ్మ
పాపకి మొన్న ఆరు నెలలు నిండాయి. బరువు 7.1 కిలోలు. 26 వారాల సెలవు ఈ ఆదివారంతో సరి. వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాల్సిందే అన్నారు. ఇల్లు హొరమావు, ఆఫీసు బెల్లందూరు. పొద్దున ఎనిమిదిన్నరకి గడప దాటితే మళ్లీ పాప మొహం చూసేది ఆరున్నరకి. రింగ్ రోడ్డు మీద వాన పడిందంటే ఏడున్నరే.
మూడు వారాల కిందటి దాకా ఒక్కసారి పంప్ చేస్తే 110 మి.లీ. వచ్చేవి, ఇప్పుడు 60 రావడం గగనంగా ఉంది. ఫ్రీజర్‌లో 100 మి.లీ. ప్యాకెట్లు పన్నెండు ఉన్నాయి. పాప సీసా ముట్టడం లేదు. అత్తయ్య రోజూ పప్పుకట్టు, రాగిజావ పట్టిస్తున్నారు, "అన్నం మొదలైంది కదమ్మా, ఇంక పాలెందుకు" అంటున్నారు. రోజుకి ఎన్ని పాలు ఉంచి వెళ్లాలి? తిండి ఎంత? మొదటి మూడు రోజులు మా ఆయన ఇంట్లో ఉంటారు, తర్వాత సగం పూట క్రెష్, సగం పూట అత్తయ్య.

రాత్రి_రెండుగంటలు
60కి పడిపోయిందంటే ముందు అనుమానించాల్సింది పంపు వాల్వుని. మిమ్మల్ని మీరు కాదు.

పంపు_రిపేరు_అక్క
పై మాటే నాదీ. విడమర్చి చెప్తాను. గరాటులా ఉండే ఫ్లాంజ్ కింద తెల్లటి సిలికాన్ బాతుముక్కు వాల్వు ఒకటి ఉంటుంది. మోటారు గాలి లాగినప్పుడల్లా దాని మూతి గట్టిగా మూసుకుంటేనే ఆ లాగుడు మీ దాకా వస్తుంది. వాల్వు ఊడదీసి కిటికీ వెలుతురుకేసి పట్టుకోండి. పక్కలు నొక్కకుండా చూస్తే చీలిక ఒట్టి గీతలా కనపడాలి. ఆ గీతలోంచి సన్నగా వెలుగు తొంగిచూసిందా, దాని పని అయిపోయినట్టే. రోజుకి మూడు నాలుగుసార్లు వాడితే ఒకటి రెండు నెలల్లోనే సాగిపోతుంది. లోపల వేలు దూర్చినా, బ్రష్‌తో తోమినా ఇంకా ముందే చిరుగుతుంది. సబ్బు నీళ్లలో ఆడించి కుళాయి ధార కింద కడిగితే చాలు.
తర్వాత చూడాల్సింది వెనక గిన్నెలా ఉండే డయాఫ్రం. ట్యూబులో నీటి చుక్కలు కనపడుతున్నాయంటే అది సరిగ్గా కూర్చోలేదని అర్థం. ట్యూబుని కడక్కండి. ఫ్లాంజ్ నుంచి ఊడదీసి మోటారుని రెండు నిమిషాలు ఉత్తగా తిప్పితే ఆరిపోతుంది.
మూడోది ఫ్లాంజ్ కొలత. పెట్టెలో ఏది వస్తే అదే అందరూ వాడేస్తారు. చనుమొన అడ్డు కొలత స్కేలుతో చూసి దానికి 2 నుంచి 3 మి.మీ. కలపండి. చుట్టూ ఉన్న నల్ల భాగం కూడా గొట్టంలోకి ఈడ్చుకుపోతుంటే మీకది పెద్దది. చనుమొన గొట్టం అంచుకి రాసుకుని మండుతుంటే చిన్నది. రెండిట్లో దేనివల్లయినా పాలు తగ్గుతాయి.

సర్జాపూర్_ఆమని
నెలసరి మళ్లీ మొదలైనా కొన్ని రోజులు తగ్గుతాయి, తర్వాత పెరుగుతాయి. అది చూసి బెంబేలెత్తి మెంతుల మాత్రల వెంట పడొద్దు.

పిల్లల_వార్డు_నర్సు
పాల లెక్క. తల్లి దూరంగా ఉన్న ప్రతి గంటకి 30 నుంచి 45 మి.లీ. మీకు పది గంటలంటే 300 నుంచి 450. బయల్దేరే ముందు ఒకసారి, రాగానే ఒకసారి నేరుగా పట్టండి, అవి ఈ లెక్కలోకి రావు. 90 మి.లీ. సీసాలు నాలుగు, పైన 60ది ఒకటి పెట్టి వెళ్లండి. ఒకేసారి 200 పోసి ఉంచితే మిగిలింది పారబోయడమే. పాప మూతి పెట్టిన సీసాలో మిగిలిన పాలు రెండు గంటలకి మించి పనికిరావు.
ఈ లెక్కన ఫ్రీజర్‌లో ఉన్న 1200 మీకు మూడు రోజులకి మించి రావు. దాన్ని రోజూ తవ్వకండి. ఈ రోజు ఆఫీసులో తీసినవే రేపటి పాలు, శుక్రవారం తీసినవి సోమవారానికి. ఫ్రీజర్‌లోవి తక్కువ పడ్డ రోజుకి.
అత్తయ్య గారికి ఇలా చెప్పండి. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకి రోజుకి దాదాపు 600 కేలరీలు కావాలి, అందులో తిండి నుంచి రావాల్సింది 200. మిగతా 400 పాలే. ఏడాది దాకా పాలే పెద్ద భోజనం.

కడప_కోడలు
ఆఫీసులో ఎన్నిసార్లు తీయాలి? మూడు మీటింగుల మధ్య రెండుసార్లే కుదిరితే?

పంపు_రిపేరు_అక్క
పదకొండు, ఒంటిగంటన్నర, నాలుగున్నర. ఒక్కోటి 15 నిమిషాలు. రెండుసార్లే కుదిరితే పన్నెండుకీ, మూడున్నరకీ, కాకపోతే ఒక్కోటి 20 నిమిషాలు. పాలు ఆగిపోయాక ఇంకో రెండు నిమిషాలు వదిలేస్తే రెండో ఉధృతి వస్తుంది, చాలామంది అంతకు ముందే తీసేస్తారు. మొదట రెండు నిమిషాలు వేగంగా తేలిగ్గా, చేపు వచ్చాక నెమ్మదిగా బలంగా. నొప్పి పుట్టేంత బలం పెడితే ఎక్కువ రావు, తక్కువ వస్తాయి.

ఇందిరానగర్_వకీలు
మీటింగుల మధ్య దొంగచాటుగా తీయక్కర్లేదు. మధ్యాహ్న విరామం కాక, బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు పాలిచ్చే విరామాలు ప్రసూతి ప్రయోజన చట్టం 11వ సెక్షన్ ఇచ్చిన హక్కు. 2017 సవరణతో 26 వారాల సెలవు, 50 మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో క్రెష్, రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్లి వచ్చే వీలు చేరాయి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇవి ఉన్నాయి. పని ఇంటి నుంచి చేయగలిగేదైతే సెలవు తర్వాత కూడా కొంతకాలం ఇంటి నుంచే చేసేలా ఒప్పుకోవచ్చని కూడా ఆ సవరణలో ఉంది. క్యాలెండర్‌లో మూడు గళ్లు మీ పేరు మీద ముందే కట్టేసి, హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. నోటిమాట కాగితం మీదికి రావాలి.

హొరమావు_కొత్తమ్మ
క్యాలెండర్ కట్టేశాను. మా ఆఫీసులో తాళం పడే చిన్న గది ఉంది, ఫ్రిజ్ మాత్రం అందరిదీ. పాలు బయట ఎంతసేపు ఉంటాయి? ఆరు గంటలని ఒకరు, ఎనిమిదని ఒకరు అంటున్నారు.

పిల్లల_వార్డు_నర్సు
నాలుగు గంటలని పెట్టుకోండి. అదీ గది 25 డిగ్రీల లోపు ఉంటేనే. డిసెంబరులో బెంగళూరు ఇల్లు ఆ లెక్కకి సరిపోతుంది, ఏప్రిల్ మధ్యాహ్నం సరిపోదు. ఫ్రిజ్ లోపలి వైపు అరలో నాలుగు రోజులు, తలుపు అరలో వద్దు. ఐసు ప్యాకులున్న చల్లటి సంచిలో 24 గంటలు. డబుల్ డోర్ ఫ్రీజర్‌లో ఆరు నెలలు. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైన ఉండే చిన్న ఐసు పెట్టెని నమ్మకండి, రెండు వారాల్లో వాడేయండి.
కరిగించడం: ముందు రాత్రి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించండి. పూర్తిగా కరిగాక 24 గంటల్లో వాడాలి, మళ్లీ గడ్డ కట్టించకూడదు. వేడి చేయడానికి గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో సీసా నిలబెట్టాలి. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట చల్లగా ఉండి ఇంకోచోట నాలుక కాలుతుంది. పైన మీగడ తేలితే పాడయ్యాయని కాదు, సీసాని గుండ్రంగా తిప్పితే కలిసిపోతుంది.

కేఆర్‌పురం_నాన్న
కరిగిన పాలు సబ్బు వాసన వస్తున్నాయి, బాబు ఉమ్మేస్తున్నాడు. పారబోయాలా?

పిల్లల_వార్డు_నర్సు
పాడవలేదు. పాలలోనే ఉండే లైపేజ్ అనే ఎంజైము కొవ్వుని విడగొడుతుంది, కొందరి పాలలో దాని జోరు ఎక్కువ. తాగొచ్చు, బిడ్డ ఒప్పుకోకపోతేనే సమస్య. ఇకమీదట గడ్డ కట్టించే ముందే గిన్నెలో పోసి, అంచుల్లో చిన్న బుడగలు లేచేదాకా వేడి చేసి, మరగకుండానే దించి, చల్లనీళ్లలో పెట్టి చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టండి. ఇప్పటికే ఉన్న ప్యాకెట్లని తాజా పాలలో సగం సగం కలిపి చూడండి. ఇంట్లో ఫ్రీజర్ నింపేవాళ్లంతా ముందు ఒక్క ప్యాకెట్ వారం ఉంచి, కరిగించి వాసన చూసి అప్పుడు మిగతావి నింపాలి.

వైట్‌ఫీల్డ్_వినీల
పంపు భాగాలు ప్రతిసారీ కడగడానికి ఆఫీసులో వీలుండదు కదా. జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో దాచి సాయంత్రం ఒకేసారి కడిగితే సరిపోదా? అందరూ అదే చేస్తున్నారు.

పిల్లల_వార్డు_నర్సు
చలి క్రిముల్ని చంపదు, నెమ్మది చేస్తుందంతే. నెలలు నిండక పుట్టిన బిడ్డలకీ, తరచూ జబ్బు చేసే బిడ్డలకీ అసలు వద్దు. రెండు జతలు కొనుక్కుంటే మధ్యాహ్నానికి రెండో జత, ఒక్కసారి కడిగితే చాలు. పాంట్రీ సింకులో నేరుగా పెట్టి కడక్కండి, మీ సొంత చిన్న బేసిన్ ఉంచుకోండి.

బోరునీళ్ల_బాధితుడు
ఇక్కడ బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే అపార్ట్‌మెంట్ల వాళ్లకి ఒక ముక్క. ఆ నీళ్లలో ఉడికిస్తే సీసాల మీద, వాల్వు మీద తెల్లటి పొర కడుతుంది. వాల్వు మూతి మీద ఆ పొర గట్టిపడితే అది మూసుకోదు, పాలు తగ్గాయనుకుంటాం. స్టెరిలైజర్ పళ్లెం అడుగున పెచ్చులు కడితే ఆవిరి సరిగా రాదు. ఉడికించడానికి ఫిల్టరు నీళ్లే వాడండి. ఉన్న పొరకి అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక టీస్పూను నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి రెండుసార్లు కడగండి.

పంపు_రిపేరు_అక్క
పై ముక్క మీ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. నేను చెప్పడం మర్చిపోయింది ఇదే.

రాగిసరి_రాజేశ్వరి
తిండి సంగతికి వద్దాం. పప్పుకట్టు తిండి కాదు. పప్పు అడుగునే ఉండిపోతుంది, పైన తేరిన నీళ్లతో పిల్ల పొట్ట నిండుతుంది. ఏడు కిలోల బిడ్డ పొట్ట పట్టేదే 200 మి.లీ. అందులో నీళ్లు పోస్తే పాలకీ చోటుండదు, అన్నానికీ ఉండదు. చెంచా ఒరిగిస్తే జారిపోకుండా నిలబడాలి, అదీ చిక్కదనం.
రెండు టేబుల్ స్పూన్ల బియ్యం, ఒక టేబుల్ స్పూను పెసరపప్పు కడిగి, ఒకటిన్నర కప్పు నీళ్లు, చిటికెడు జీలకర్ర పొడి, ఒక చిన్న క్యారెట్టు ముక్కో, గుమ్మడి ముక్కో వేసి కుక్కర్‌లో ఐదు కూతలు. పప్పుగుత్తితో మెత్తగా ఎనపండి. మిక్సీ పట్టక్కర్లేదు, పడితే పిల్ల నమలడం ఆలస్యంగా నేర్చుకుంటుంది. దించాక అర టీస్పూను నెయ్యి. ఉప్పు ఏడాది దాకా వద్దు, బెల్లం చక్కెర రెండేళ్ల దాకా వద్దు.
మొదటి వారం పూటకి రెండు మూడు టేబుల్ స్పూన్లు, రోజుకి రెండు పూటలు. ఎనిమిదో నెల వచ్చేసరికి పూటకి అర కప్పు, మూడు పూటలు.

అమ్మమ్మ_గుంటూరు
ఉప్పు లేకుండా పిల్ల ఎలా తింటుందమ్మా? మా పిల్లలందరికీ చిటికెడు వేసే పెట్టాం, ఉగ్గులో వామూ ఇంగువా కూడా వేసేవాళ్లం.

రాగిసరి_రాజేశ్వరి
అమ్మమ్మ గారూ, జీలకర్ర, వాము, ఇంగువ చిటికెడు వేయొచ్చు, మీ ఉగ్గు మంచిదే. ఉప్పు రుచి పిల్లకింకా తెలియదు, మనం అలవాటు చేస్తేనే అడుగుతుంది. ఆ వయసుకి కావాల్సిన సోడియం పాలలోనే వస్తుంది. మీ నాటి ఉగ్గు బియ్యం, పెసరపప్పు, కందిపప్పు దోరగా వేయించి రవ్వలా పట్టేవాళ్లు కదా, దానికి మించింది అంగట్లో డబ్బాలో లేదు.

అమ్మమ్మ_గుంటూరు
అయితే ఉప్పు తీసేస్తాను. రవ్వ మాత్రం నేనే పడతాను.

బసవనగుడి_భార్గవి
రాగి మీద అందరూ గొప్పగా చెప్తారు. ఇక్కడ పక్కింటి ఆవిడ రాగి సరి రోజుకి మూడు పూటలూ పెట్టమంటున్నారు.

రాగిసరి_రాజేశ్వరి
రోజుకి ఒక పూట చాలు. నూరు గ్రాముల రాగుల్లో 350 మి.గ్రా. పైనే కాల్షియం ఉంది, నిజమే. ఫైటేట్లు కూడా ఉన్నాయి, అవి ఇనుముని పట్టేసుకుంటాయి. మొలక కట్టిస్తే అవి తగ్గుతాయి. అర కిలో రాగులు ఇసుక పోయేలా నాలుగైదు నీళ్లు కడిగి, పన్నెండు గంటలు నానబెట్టి, నీళ్లు వార్చి తడిగుడ్డలో మూట కట్టండి. ఒకటిన్నర రోజుకి చిన్న తెల్లటి మొలకలు వస్తాయి. బెంగళూరు చలికాలంలో రెండు రోజులు పడుతుంది. నీడలో బాగా ఆరబెట్టి, సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పిండి పట్టించి పల్చటి నూలుగుడ్డలో జల్లించండి. తడి ఉండగానే పట్టిస్తే వారంలో ముక్కిపోతుంది.
ఆరిన మొలక రాగుల్లో కొన్ని వేయించకుండానే విడిగా పిండి పట్టి ఉంచుకోండి. దాంతో ఒక కిటుకు ఉంది. జావ గరిటె నిలబడేంత చిక్కగా ఉడికించి దించేయండి. ఆవిరి కాస్త నెమ్మదించాక అర టీస్పూను వేయించని మొలకపిండి కలిపి ఐదు నిమిషాలు మూతపెట్టండి. మొలకలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిని విడగొట్టి, చుక్క నీళ్లు పోయకుండానే జావని జారుగా చేస్తుంది. బలం అంతా అందులోనే ఉండి పిల్లకి మింగడం తేలికవుతుంది. తర్వాత ఒక్క పొంగు రానివ్వాలి, వేసింది పచ్చిపిండి కదా. మరుగుతున్నప్పుడే వేస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఏమీ జరగదు.

కేఆర్‌పురం_నాన్న
ఐదు నిమిషాలు కాదు, మూడో నిమిషానికే గరిటె ఒరిగిపోయింది. ఇప్పుడే చేసి చూశాను.

పిల్లల_వార్డు_నర్సు
ఇనుము గురించి ఇంకో మాట. పుట్టినప్పుడు తెచ్చుకున్న నిల్వ ఆరో నెలకి అడుగంటుతుంది, తల్లిపాలలో ఇనుము తక్కువ. రాగి, బియ్యం, అరటిపండు మీద నడిపిస్తే తొమ్మిదో నెలకి బిడ్డ పాలిపోతుంది. పప్పు అన్నం చల్లారాక రెండు మూడు చుక్కల నిమ్మరసం పిండండి, సి విటమిన్ ఇనుముని లోపలికి తీసుకెళ్తుంది. మాంసాహారులైతే కోడి మాంసం మెత్తగా ఉడికించి దంచి కలపండి. ఆరు నుంచి 59 నెలల పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక్కో మి.లీ. ఐరన్ సిరప్ అనీమియా ముక్త భారత్ కార్యక్రమంలో ఇస్తారు, ఆ ఒక మి.లీ.లో 20 మి.గ్రా. ఇనుము ఉంటుంది. మీ డాక్టరు వేరే చుక్కలు రాసి ఉంటే రెండూ కలిపి పోయొద్దు, ఏదో ఒకటే. డి విటమిన్ చుక్కలు, రోజుకి 400 యూనిట్లు, ఏడాది దాకా ఆపొద్దు, ఆరు నెలలు కాగానే చాలామంది మానేస్తున్నారు.

కడప_కోడలు
అన్నప్రాశన ఈ నెలాఖరున. బంగారు ఉంగరంతో తేనె నాకించాలంటున్నారు.

పిల్లల_వార్డు_నర్సు
తేనె వద్దు. ఏడాది లోపు ఒక్క చుక్క కూడా. తేనెలో బోట్యులినం అనే క్రిమి బీజాలు ఉండొచ్చు, పసివాళ్ల పేగులో అవి మొలకెత్తి విషం విడుస్తాయి. బిడ్డ మెడ వాలిపోతుంది, పాలు చప్పరించే బలం పోతుంది, ఏడుపు పీలగా మారుతుంది. మరిగించినా ఆ బీజాలు చావవు. అదే ఉంగరంతో పాయసం అంటించి నాలుకకి తాకించండి, శాస్త్రం జరిగినట్టే. వస కొమ్ము అరగదీసి నాకించడం కూడా మానండి. మాటలు తొందరగా వస్తాయని పెడతారు గానీ దానిలోని బీటా ఆసరోన్ అనే పదార్థం మంచిది కాదు.

అమ్మమ్మ_గుంటూరు
ఆడపిల్లకి బేసి నెల కదా, ఐదులోనే చేసేస్తారు కొందరు.

రాగిసరి_రాజేశ్వరి
ఐదులో చేసినా నాలుకకి తాకించి ఆపేస్తే ఇబ్బంది లేదు. పూటల లెక్కన పెట్టడం 180 రోజులు నిండాకే. లేదంటే ఏడులో చేసుకోవచ్చు, అదీ బేసే.

సర్జాపూర్_ఆమని
గుడ్డు, వేరుశనగ ఎప్పుడు?

పిల్లల_వార్డు_నర్సు
ఇప్పుడే. ఏడాది ఆగితే ఎలర్జీ తగ్గదు, పెరగొచ్చు. గుడ్డు పూర్తిగా ఉడికించి పావు టీస్పూనుతో మొదలు. వేరుశనగలు వేయించి మెత్తటి పొడి చేసి జావలో కలపండి. పలుకులు ఐదేళ్ల దాకా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొత్తది పొద్దున పూటే, ఇంట్లోనే పెట్టి రెండు గంటలు చూడండి. క్రెష్‌కి పంపే రోజు కొత్తది పెట్టొద్దు. దద్దుర్లు, పెదాల వాపు, వరసగా వాంతులు వస్తే ఆసుపత్రికే. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న బిడ్డ అయితే ముందు డాక్టరుని అడగండి.

వైట్‌ఫీల్డ్_వినీల
ముద్ద పెట్టగానే ఓక్ అంటున్నాడు. భయమేసి మళ్లీ పల్చగా చేసేస్తున్నాను.

పిల్లల_వార్డు_నర్సు
ఓక్ అనడం వేరు, గొంతుకి అడ్డం పడటం వేరు. ఓక్ అనేటప్పుడు చప్పుడు వస్తుంది, మొహం ఎర్రబడుతుంది, నాలుక ముందుకి తోస్తుంది. అది బిడ్డని కాపాడే గుణం, చేయి పెట్టకుండా ఆగండి. అడ్డం పడితే చప్పుడే రాదు, దగ్గలేదు, పెదాలు నీలం తిరుగుతాయి. అప్పుడు బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో, అంటే మణికట్టు పక్కన ఉండే గట్టి భాగంతో, ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి, చనుమొనల గీతకి కాస్త కింద రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కాలి. వచ్చేదాకా మార్చి మార్చి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. కనపడని దాని కోసం వేలు పెట్టి కెలకొద్దు, లోపలికి దిగిపోతుంది. స్పృహ తప్పితే సీపీఆర్.
ఆనుకుని పడుకున్న భంగిమలో ఎప్పుడూ పెట్టొద్దు. నిటారుగా, నడుముకి దన్నుతో, పాదాలకి ఆనుడు ఉండేలా.

బసవనగుడి_భార్గవి
నాలుగు రోజులుగా దొడ్డికి మేక పెంటికల్లా గట్టిగా వస్తోంది. అరటిపండూ రాగీ రోజూ పెడుతున్నాం.

రాగిసరి_రాజేశ్వరి
కారణం మీరే చెప్పేశారు. రెండూ ఒకే రోజు వద్దు. పచ్చి మీదున్న ఏలక్కి అరటి ఇంకా బిగబెడుతుంది, తొక్క మీద మచ్చలు పడ్డది తీసుకోండి. రెండు మూడు రోజులు బొప్పాయి, ఉడికించిన పియర్, రాత్రి నానబెట్టిన ఆరేడు ఎండుద్రాక్షల గుజ్జు పెట్టండి. తిండితోపాటు కాచి చల్లార్చిన నీళ్లు గ్లాసుతో కొద్దికొద్దిగా, రోజు మొత్తానికి 60 నుంచి 120 మి.లీ. దాటకుండా. ముక్కుతూ ఎర్రబడి, మెత్తగానే వస్తే అది మలబద్ధకం కాదు. అరటిపండు తిన్న మర్నాడు నల్లటి దారపు పోగుల్లా కనిపిస్తే పురుగులు కావు, అరటి నారే.

హొరమావు_కొత్తమ్మ
వాల్వు చూశాను. గీతలోంచి వెలుగు కనపడింది. కొత్తది తెప్పిస్తున్నాను. సీసా సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, అదే నా పెద్ద దిగులు.

కేఆర్‌పురం_నాన్న
నాన్నలు చేయాల్సిన పని అది. మీరు ఇంట్లో ఉన్నంతసేపూ పాప సీసా ముట్టదు, మీ వాసన తెలుస్తుంది. మీరు బయటికి వెళ్లాలి, పక్క గదిలోకి కాదు. ఆకలి మరీ ముదరకముందే, నిద్ర లేచిన పావుగంటకి మొదలుపెట్టాలి. పాలు ఒంటి వెచ్చదనానికి రావాలి. పాపని నిటారుగా కూర్చోబెట్టి, సీసాని నేలకి సమాంతరంగా పట్టుకుని, పాలపీకని పై పెదవికి ఆనించి తనే నోరు తెరిచేదాకా ఆగాలి. కుక్కొద్దు. నాలుగైదు గుటకలకి ఒకసారి సీసా కిందికి వంచి ఊపిరి తీసుకోనివ్వాలి. ఏడుపు మొదలైతే ఆపేసి పది నిమిషాల తర్వాత మళ్లీ. పీక నెమ్మది ధారది వాడండి.

అమ్మమ్మ_గుంటూరు
సీసానే ఎందుకమ్మా, ఉగ్గుగిన్నె ఉండగా.

పిల్లల_వార్డు_నర్సు
అమ్మమ్మ గారి మాట అక్షరాలా నిజం. ఆరు నెలలకి సీసా నేర్పకపోయినా పర్లేదు. ఉగ్గుగిన్నెని ఇక్కడ కన్నడంలో ఒళలె అంటారు, గాంధీ బజార్ పాత్రల కొట్లలో స్టీలువీ, వెండివీ దొరుకుతాయి. చిన్న స్టీలు గ్లాసైనా చాలు. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, గ్లాసు అంచు కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవికి తాకేంత వరకే వంచాలి. తనే నాలుకతో లాక్కుంటుంది. నోట్లో పోస్తే పొలమారుతుంది. మొదటి రోజు సగం మెడ మీదే కారుతుంది, మూడో రోజుకి కుదురుతుంది. కడగడం కూడా సీసా కంటే తేలిక.

సర్జాపూర్_ఆమని
పగలు తాగకుండా మొండికేసి రాత్రంతా పాలు కుడిచే పిల్లలూ ఉంటారు. పగటి లోటు రాత్రి తీర్చుకుంటారు. పాప తడి చేసే డైపర్లు రోజుకి ఆరు ఉంటే కంగారొద్దు. నిద్ర మీది పోతుంది కాబట్టి సాయంత్రం రాగానే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి కడుపునిండా పట్టండి.

క్రెష్_నడిపే_పద్మ
మా వైపు నుంచి చెప్తాను. ప్రతి సీసా మీదా పాప పేరు, తీసిన తేదీ, ఎన్ని మి.లీ. అన్నది టేపు మీద రాసి అంటించండి. వేడి చేసే పద్ధతి నోటితో చెప్పకండి, ఒక చీటీ ఇవ్వండి. ఆయాలు తొందరలో మరిగే నీళ్లలో పెట్టేస్తారు, చీటీ గోడ మీద ఉంటే పెట్టరు. చూడటానికి వెళ్లినప్పుడు బొమ్మలు కాదు చూడాల్సింది. డైపరు మార్చే చోటుకీ పాలు కలిపే చోటుకీ మధ్య చేతులు కడిగే కుళాయి ఉందా, పసివాళ్లు నడిచే పిల్లలతో కలిసి ఉంటారా, ఒక ఆయా రాని రోజు ఎవరు చూస్తారు అన్నవి అడగండి. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెడతారా అనేది కూడా. మొదటి మూడు రోజులు గంట, రెండు గంటలు, సగం పూట అలా పెంచండి.

పిల్లల_వార్డు_నర్సు
క్రెష్‌కి ముందు ఫ్లూ టీకా మొదటి డోసు వేయించండి, ఆరు నెలలు నిండాయి కాబట్టి అర్హత వచ్చింది. రెండోది నాలుగు వారాలకి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా కూడా ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్యే. తొమ్మిదో నెలది ఎవరూ మర్చిపోరు, ఈ రెండే జారిపోతాయి.

ఇందిరానగర్_వకీలు
క్రెష్‌కి స్కూటర్ మీద ఒళ్లో కట్టుకుని తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకి హెల్మెట్, నడిపేవాళ్లకి కట్టే బెల్టు ఉండాలనీ, 40 కి.మీ. వేగం దాటకూడదనీ 2023 నుంచి నిబంధన ఉంది. ఆరు నెలల మెడకి సరిపోయే హెల్మెట్టే లేదు.

అమ్మమ్మ_గుంటూరు
గుడ్డ ఉయ్యాల సంగతి కూడా చెప్పండి, మా మనవడు బోర్లా పడుతున్నాడు.

పిల్లల_వార్డు_నర్సు
బోర్లా పడటం వచ్చిందంటే గుడ్డ ఉయ్యాల ఆపేయాలి. గుడ్డలోకి మొహం కూరుకుపోతే తిరగలేరు, కూర్చోవడం వస్తే అంచు మీంచి దూకుతారు. చెక్క తొట్టి అయితే పరుపు పలకని ఇప్పుడే కింది మెట్టుకి దించేయండి.

హొరమావు_కొత్తమ్మ
కొత్త వాల్వు వచ్చింది. ఈ పొద్దున 105 వచ్చాయి. మా ఆయన స్టీలు గ్లాసుతో పట్టారు, 70లో 40 లోపలికి, 30 చొక్కా మీదికి. అత్తయ్య పప్పుగుత్తి పట్టుకుని పెసరపప్పు అన్నం ఎనిపారు, చెంచా ఒరిగించి చూసి "ఇంత చిక్కగానా" అని, పాప మూడు చెంచాలు తినేసరికి ఊరుకున్నారు. ఒకటే అనుమానం మిగిలింది. ఆఫీసులో మధ్యాహ్నం తీసిన వెచ్చటి పాలని పదకొండింటి చల్లటి సీసాలోనే పోసేయొచ్చా?

పంపు_రిపేరు_అక్క
వెంటనే పోయొద్దు, చల్లవి వేడెక్కుతాయి. విడి సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి గంట ఆగి రెండూ చల్లబడ్డాక కలపండి. తేదీ, టైము మొదట తీసిన వాటివే రాయండి. సంచిలో ఐసు ప్యాకులు సీసాలకి రెండు పక్కలా ఆనుకుని ఉండాలి, పైన ఒకటి. రాత్రే ఫ్రీజర్‌లో పెట్టడం మర్చిపోకండి.

హొరమావు_కొత్తమ్మ
పెట్టేశాను. మూడు.